నీళ్ళు నిలిచిన బండ

"అన్యాయం ఎవరికి జరిగింది? ఎట్లా జరిగింది? ముందు ఈ రెండూ చెప్పు. ఏడుపు తర్వాత ఏడుద్దువు."

శకుంతలమ్మ మాట కఠినంగానే ఉన్నది. కానీ ఆ మాటతోపాటే మంచినీళ్ళ చెంబు బల్ల మీదుగా ఎదుటి మనిషి వైపు జరిగింది. పులివెందుల బడిలో చాలా ఏళ్ళు పంతులమ్మగా పనిచేసి, భర్త పోయిన తరువాత ప్రొద్దుటూరు గుడ్డల అంగళ్ళ వీధిలో మేడమీద ఒక గది తీసుకుని "ప్రైవేటు విచారణలు" అని ఆమె బోర్డు కట్టించిన నాడు ఊరు ఊరంతా నవ్వింది. కొత్త రాష్ట్రం ఏర్పడి ఏడాది తిరిగేసరికి ఆ నవ్విన వాళ్ళే ఒక్కొక్కరుగా చెప్పులు కింద విడిచి మేడ మెట్లు ఎక్కసాగారు.

ఎదుట కూర్చున్న సైదున్నీసా నీళ్ళు గటగట తాగి చెంబు దించింది.

"ఏడ్చేదానికి నాకు తీరిక యాడుందమ్మా? పొద్దున్నే జమ్మలమడుగులో బస్సెక్కి నిలబడే వచ్చినా. అన్యాయం మా ఇంటాయనకు. బంగారు దొంగిలించినాడని లాకప్పులో ఏసినారు. మూడు గంటల బస్సుకు కడప జైలుకు తోల్తారంట."

"మీ ఆయన పేరు?"

"నేను చెప్పకూడదు గదా. దీంట్లో ఉండాది, చూడండి." ఆమె కొంగుముడి విప్పి మడత పెట్టిన స్టాంపు కాగితాన్ని బల్ల మీద ఉంచింది.

అది కరారునామా. ప్రొద్దుటూరు బంగారు వర్తకుడు జయరామయ్యకూ, జమ్మలమడుగు బండల మేస్త్రి ఫకీర్ సాహెబ్‌కూ మధ్య కుదిరిన ఒప్పందం. శకుంతలమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చదివింది. చదువుతున్న కొద్దీ ఆమె ముఖం విప్పారింది. రాయి ఏ గనిది, మందమెంత, సున్నంలో ఏమేమి కలపాలి, అన్నీ అనుమానానికి తావు లేకుండా ఉన్నాయి. నేల వాలు గురించి ప్రత్యేకంగా ఒక షరతు ఉన్నది. ఇల్లంతా కడిగితే ఏ గదిలో పోసిన నీళ్ళైనా తమంతట తాము వాకిలి తూముకు చేరాలి. పని ఒప్పగించే రోజున నీళ్ళు పోసి చూడాలి. ఏడాదిలోపల ఉభయులలో ఎవరు కోరినా మళ్ళీ నీళ్ళు పోసి చూడవచ్చు. ఎక్కడైనా నిలిస్తే మేస్త్రి తన ఖర్చుతో బండ లేపి సరిచేయాలి.

"ఇంత చక్కగా ఎవరు రాయించినారు?"

"నేనే దగ్గర కూర్చుని చెప్పి రాయించినా. ఆయన నోటిమాట మనిషి. నోటిమాటతో శానా దెబ్బలు తిన్యాం."

కాగితం వెనుక జయరామయ్య సంతకంతో ఒక వాక్యం ఉన్నది. "నీళ్ళు పోసి చూచితిమి. ఎక్కడా నిలువలేదు." శకుంతలమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, గొడుగు అందుకుని లేచింది.

దారిలో ఆమె ప్రశ్నలు వేసింది, సైదున్నీసా జవాబులు చెప్పింది. పూజగది నేలలో నగల పెట్టె దాచడానికి ఒక పాతర కట్టమని జయరామయ్య శెట్టి కోరాడు. ఫకీర్ సాహెబ్ ఇటుకలతో గుంత కట్టి, పైన ఇనుప మూత బిగించాడు. దాని తాళపుచెవి శెట్టి మొలతాడును విడిచి ఎన్నడూ పోలేదు. బ్రహ్మంగారిమఠంలో ఆరాధనకు పోతూ, మొక్కు తీర్చడానికని నాలుగు రోజుల కిందట మూత తీస్తే పెట్టె లేదు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు. పాతర సంగతి తెలిసిన బయటివాడు మేస్త్రి ఒక్కడే కనుక, మారు తాళపుచెవి చేయించుకుని ఉంటాడని పోలీసులు తేల్చారు. పులివెందులలో వేరే ఇంటికి బండలు పరుస్తున్న వాణ్ణి నిన్న చేతికంటిన సున్నంతోనే పట్టుకొచ్చారు.

లాకప్పులో ఫకీర్ సాహెబ్ గోడకు ఆనుకుని కాక, నేల మీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"ఏం చేస్తాండావు సాయిబూ?" అన్నది శకుంతలమ్మ.

"ఈ నేల ఎవడు పరిచినాడా అని చూస్తాండానమ్మా. వాణ్ణి గదా లాకప్పులో ఏయాల్సింది! తెల్లార్లూ వీపులో గుచ్చుకుంటానే ఉండె."

"నవ్వుతాండాడు చూడండమ్మా, నవ్వుతాండాడు!" అని సైదున్నీసా కసిరింది. "జైలుకు తోల్తాంటే ఈయనకు బండలు కావాలంట!"

"ఆ తాళం ఎవరు తెచ్చినారు?" శకుంతలమ్మ అడిగింది.

"శెట్టే కొనక్కొచ్చినాడు. నేను దాన్ని చేత్తో తాకను గూడా లేదు. మూత బిగించి, దండం పెట్టి వచ్చేసినా."

"పాతర చుట్టూ ఏముంది?"

"మూడు పక్కల మన్ను. నాలుగో పక్క గోడ. గోడ అవతల పక్కగది. ఆ గదికీ నేనే పరిచినా."

శకుంతలమ్మ తల ఊపి ఎస్సై గదిలోకి నడిచింది. ఎస్సై ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు. చిన్నప్పుడు పులివెందులలో ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. ఎక్కాలు తప్పినందుకు తిన్న తొడపాశాలు యూనిఫాం వేసుకున్నా మరుపుకు రాలేదు.

"పంతులమ్మగారూ, ఈ కేసు అయిపోయింది. మేం పాతర చూసినాం, మూత చూసినాం. గదుల్లో బండలన్నీ చూసి, ఒక్కటి గూడా కదల్లేదని ఓవర్సీరు జనార్దనం గారు రాసిచ్చినారు. శెట్టిగారి బామ్మర్దే ఆయన. సర్కారు కట్టడాలు చూసే మనిషి. బండ కదల్లేదంటే తాళమే తీసినట్టు. తాళం తీసినాడంటే..."

"నాయనా, ఇంట్లో దుత్తకు మూత పెట్టింది పెట్టినట్టే ఉండి లోపల నెయ్యి లేకపోతే మీ అమ్మ ఏం చేస్తుంది? మూతను తిడుతుందా, దుత్తకు చిల్లు ఎక్కడుందని చూస్తుందా?"

ఎస్సై ఆలోచించి, "చిల్లే చూస్తాది," అన్నాడు.

"నేను ఆ చిల్లు చూడాలంటున్నాను. ఇదిగో కరారునామా. ఏడాది దాటలేదు. నీళ్ళు పోసి చూడమని మేస్త్రి తరఫున కోరుతున్నాం. ముద్దాయిని సంఘటన స్థలానికి తీసుకుపోయే అధికారం నీకున్నది. మూడు గంటల బస్సు మూడు గంటలకే వస్తుంది, అంతలో చూద్దాం పద."

ఎస్సై టోపీ పెట్టుకున్నాడు.

*

జయరామయ్య ఇంట్లో నడవ మధ్య కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపి, కాఫీ తాగుతున్న మనిషి శకుంతలమ్మను చూసి కప్పు దించకుండానే చిరునవ్వు నవ్వాడు. బెజవాడ నుంచి శెట్టి ప్రత్యేకంగా పిలిపించిన డిటెక్టివ్ పార్థసారథి. ఒళ్ళో భూతద్దం, పక్కన తోలు పెట్టె ఉన్నాయి.

"రండి రండి! ఊళ్ళో ఆడ డిటెక్టివ్ ఉన్నారని విన్నానండీ. మీరేనన్నమాట. పాపం, ఆలస్యమైపోయింది మీకు. నేరం తేలిపోయిందండీ."

"తేలినది నేరం కాదు, మీ కాఫీ మీద మీగడ. తాగేయండి, చల్లారిపోతుంది," అన్నది శకుంతలమ్మ.

వాకిట్లో నిలబడ్డ సైదున్నీసా పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. పార్థసారథి ముఖం కొంచెం ఎర్రబడింది.

"మీ ప్రాంతంవాళ్ళ మాటలు మోటుగా ఉంటాయని విన్నానండీ, నిజమే. సరే, సాక్ష్యం వినండి. తాళం గాటు లేకుండా ఉంది. భూతద్దంతో చూశాను. పాతర సంగతి మేస్త్రికి తెలుసు. ఇక కారణం అంటారా? అది నేను నిన్న సాయంత్రం పట్టుకున్నాను. పన్నెండేళ్ళ క్రితం జమ్మలమడుగులో శెట్టిగారి నాన్నగారి ఇంటికి ఈ సాయిబే బండలు వేశాడు. ఆ కాంట్రాక్టులో కూలి కాక, పని పూర్తయిన రోజున మేస్త్రికి కాబోయే భార్యకు తులం బంగారు కమ్మలు ఇస్తామని రాసుకున్నారు. పని పూర్తయ్యేలోపే పెద్దాయన పోయారు. కమ్మలు ముట్టలేదు. అదండీ కక్ష! ముట్టని తులానికి పెట్టె మొత్తం ఎత్తుకుపోయాడు."

జయరామయ్య ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు. పెట్టె పోయిందన్న దిగులు పడిన మనిషి ముఖమే అది, కానీ ఆ క్షణాన అతడు చూపు దించుకున్న తీరు శకుంతలమ్మకు వేరుగా తోచింది.

ఆమె సైదున్నీసా వైపు తిరిగింది. "ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అన్యాయం ఏందని అడిగితిరి, నేను ఇప్పటిది చెప్పినా. అది దొంగతనం కేసు గాదు గదమ్మా. పైగా కాగితం మీద సంతకం మా నాయనది, నాది గాదు అన్యాడు శెట్టి. ఇంగ ఏమనేది?"

"నేను అడగొద్దంటి," అన్నాడు ఫకీర్ సాహెబ్. చేతికి సంకెల ఉన్నా నిటారుగా నిలబడ్డాడు. "బంగారు అడిగితే ఇంకో ఇంట్లో పని పోతాది. కానీ అమ్మా, పెట్టె ఎత్తుకుపొయ్యేవాణ్ణయితే పన్నెండేళ్ళు ఏంటికి కూర్చుంటా?"

"మంచి ప్రశ్న," అన్నది శకుంతలమ్మ. "ఇప్పుడు నీళ్ళు కావాలి. బిందెలు."

పక్కగదిలోంచి చప్పున ఒక మనిషి బయటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. శెట్టి బామ్మర్ది, ఓవర్సీరు జనార్దనం. కాలువ పని మీద ప్రొద్దుటూరు వచ్చినప్పుడల్లా ఈ ఇంట్లోనే మకాం. చేతిలో చుట్టిన పరుపు, భుజాన తోలు సంచి ఉన్నాయి.

"ఏందమ్మగారూ ఈ నీళ్ళ గోల? బండలన్నీ నేను స్వయంగా చూసి రాసిచ్చినా గదా."

"యాడికి నాయనా పరుపు చుట్టినావు?"

"పులివెందులకు బదిలీ అయినాది. జీపు వస్తాంది."

"వచ్చేదాకా కూర్చో. నీ వంటి తెలిసిన మనిషి దగ్గరుంటే మాకూ మంచిది."

శెట్టి భార్య కామాక్షమ్మ అప్పటికే రెండు ఇత్తడి బిందెలతో ప్రత్యక్షమైంది. నాలుగు రోజులుగా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. ఏదో ఒక పని దొరికినందుకే ఆమె సంతోషించినట్టున్నది.

మొదటి బిందె పూజగదిలో పోశారు. నీళ్ళు నల్లని నున్నని బండల మీద అద్దంలా పరుచుకుని, ఎవరో పిలిచినట్టు గడప దగ్గరి చిన్న తూములోంచి నడవలోకి దిగి, నడవ వెంట సాగి వాకిలి తూములో పడ్డాయి. రెండో బిందె వంటగదిలో పోశారు. అవీ అంతే. ఫకీర్ సాహెబ్ సంకెల సంగతి మరచి, తన పిల్లలు పరుగెత్తడం చూసే తండ్రిలా నీళ్ళ వెంట నడిచాడు. కానిస్టేబులు అతడి వెంట నడవవలసి వచ్చింది.

"చూసినారా శెట్టిగారూ! చూసినారా!"

"చూసినాలేప్పా," అన్నాడు జయరామయ్య. కోపం తెచ్చుకోవలసిన మనిషి ముఖంలో కోపం సరిగ్గా కుదరడం లేదు.

"ఇక ఆ గది," అన్నది శకుంతలమ్మ పక్కగది వైపు చూపించి.

"ఆ గదిలో వద్దమ్మగారూ," అన్నాడు జనార్దనం. "ఆఫీసు ప్లాన్లు ఉండాయి. తడిస్తే నా ఉద్యోగం పోతాది."

"ప్లాన్లు మంచం మీద పెట్టు. కామాక్షమ్మా, ఈ గది రోజూ కడుగుతారా?"

"ఇల్లంతా శుక్రవారం శుక్రవారం కడుగుతానమ్మా. ఈ గది మాత్రం శివరాత్రి నుంచి కడగలా. తమ్ముడు కాగితాలు తడుస్తాయని నీళ్ళు పోయనీడు. పొడిగుడ్డతో తుడిచి వస్తా."

ఈ మాట ఆమె అమాయకంగానే అన్నది. శకుంతలమ్మ మాత్రం దాన్ని వినీ విననట్టు ఊరుకుని మూడో బిందె అందుకుంది. మంచం జరిపించి, గోడ మూల నుంచి తానే నీళ్ళు వంచింది.

నీళ్ళు గది అంతా పరుచుకున్నాయి, వాలు పట్టుకున్నాయి, గడప వైపు జారిపోయాయి. నేల మెరుస్తూ బయటపడింది. ఒక్కచోట తప్ప. పూజగది గోడ పక్కన, ఇంతసేపూ మంచం కింద ఉన్న బండ మీద విస్తరాకంత మేర నీళ్ళు కదలకుండా నిలిచి, పైకప్పు దూలాన్ని ప్రతిబింబిస్తున్నాయి.

పార్థసారథి చప్పట్లు కొట్టాడు. "భేష్! మీరు మీ ముద్దాయికే అన్యాయం చేశారు కదండీ! దొంగతనంతోపాటు కాంట్రాక్టు ఉల్లంఘన కూడా రుజువు చేశారు. నీళ్ళు నిలిచాయంటే మేస్త్రికి పని చేతకాలేదనే కదా!"

ఫకీర్ సాహెబ్ ముఖం నల్లబడింది. దొంగ అన్నప్పుడు కూడా నవ్విన మనిషి ఇప్పుడు గొంతెత్తి అరిచాడు. "నా పనిలో నీళ్ళా! యా అల్లా! ఇది నేను పరిచింది గాదు! నన్ను ఉరి తీయండి గానీ ఈ బండ నేను పరిచినానని అనొద్దండి!"

"ఊరుకో సాయిబూ, ఉరికి చాలా కాగితాలు కావాలి," అన్నది శకుంతలమ్మ. "శెట్టిగారూ, ఒప్పగించిన నాడు ఈ గదిలో కూడా నీళ్ళు పోసి చూసినారా?"

"పోసినాం. అన్ని గదుల్లో పోసినాం. యాడా నిలవలా. నేనే సంతకం చేసినా."

"అయితే ఆ నాటికి ఈ బండ వాలుగానే ఉన్నది. తర్వాత మారింది. ఎట్లా మారిందో చూద్దాం. ఓవర్సీరు నాయనా, నీ సంచిలో రసమట్టం ఉంటుంది కదా, ఒకసారి ఇస్తావా?"

"అది... జీపులో పెట్టేసినా."

"జీపు ఇంకా రాలేదన్నావు."

ఎస్సై సంచి అందుకున్నాడు. పూర్వపు లెక్కల విద్యార్థికి ఇప్పుడు హుషారు పుట్టింది. నున్నని చెక్కలో అమర్చిన గాజుగొట్టాన్ని బయటికి తీసి శకుంతలమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని ముందు ఒక పక్కనున్న బండ మీద పెట్టింది. గాజులోని బుడగ ఒక కొసకు పరుగెత్తింది. రెండో పక్క బండ మీదా అంతే. చివరికి నీళ్ళు నిలిచిన బండ మీద పెట్టింది. బుడగ సరిగ్గా నట్టనడుమ, గీతల మధ్య, కునుకు తీస్తున్నట్టు ఆగింది.

"చూడండి పార్థసారథిగారూ, మీ భూతద్దం ఇటు తెండి. ఇల్లంతా వాలుగా ఉంటే ఈ ఒక్క బండ సరిమట్టంగా ఉన్నది. చేతకాక పరిచిన బండ ఇట్లా ఉండదు. అటో ఇటో ఒరుగుతుంది. ఇది బాగా చేతనైనవాడు, రసమట్టం పెట్టి, శ్రద్ధగా కూర్చోబెట్టిన బండ."

"మట్టం సరిగ్గా ఉండడం తప్పా అమ్మగారూ?" జనార్దనం నవ్వబోయాడు.

"ఈ ఇంట్లో తప్పే. ఇక్కడ ఇద్దరు మనుషులు కూర్చుని వాలు అని రాసుకున్నారు. ఆ సంగతి శెట్టికి తెలుసు, మేస్త్రికి తెలుసు. కరారునామా చదవనివాడికి తెలియదు. నేల అంటే సరిమట్టంగా ఉండాలని కాలేజీలో నేర్చుకున్నవాడికి, బండ లేపి మళ్ళీ పరిచేటప్పుడు అలవాటు కొద్దీ చేయి అటే పోతుంది. దొంగతనం కూడా పద్ధతిగా చేద్దామనుకున్నాడు. ఆ పద్ధతే పట్టించింది."

కామాక్షమ్మ తమ్ముడి వైపు చూసింది. బిందె ఆమె చేతిలోంచి జారి ఖంగుమన్నది.

ఎస్సై సంకెల విప్పించాడు. కానిస్టేబులు ఎక్కడి నుంచో గడ్డపార తెచ్చాడు. "ఇటియ్యి, పగలగొడతావు," అని ఫకీర్ సాహెబ్ దాన్ని లాక్కుని, బండ అంచున చిన్న గాడి చేసి, రాయికి నొప్పి పుడుతుందేమో అన్నంత నెమ్మదిగా ఎత్తాడు. సందుల్లో పైపైన తెల్లని సున్నం పూసి ఉన్నది. దాని కింద బూడిదరంగు ముద్ద గట్టిగా పట్టుకున్నది.

"సిమెంటు!" అన్నాడు ఎస్సై. "పర్మిట్టు లేకుండా ఊళ్ళో బస్తా గూడా దొరకదే!"

"సర్కారు పనులకు దొరుకుతుంది," అన్నది శకుంతలమ్మ.

బండ కింద మన్ను తవ్వి, గోడ అడుగు నుంచి పాతర దాకా పిల్లి దూరేంత బొరియ చేసి ఉన్నది. అవతల పాతర ఇటుకలు రెండు తీసి మళ్ళీ పెట్టారు. ఆ బొరియలోనే గోనెపట్టాలో చుట్టి, పది మంది వెదికినా ఇల్లు కదలకుండా, నగల పెట్టె కూర్చుని ఉన్నది.

ఆ క్షణాన జనార్దనం పరుగు తీశాడు. నడవలో మూడు బిందెల నీళ్ళు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఫకీర్ సాహెబ్ నెలల తరబడి నూరి నున్న చేసిన బండల మీద ఇస్త్రీ చొక్కా మనిషి కాలు జారి, వెల్లకిలా పడి, ఆ వాలు వెంబడే సాగి, కాఫీ కప్పుతో నిలబడ్డ పార్థసారథి కాళ్ళ దగ్గర ఆగాడు. పార్థసారథి కప్పు పక్కన పెట్టి, వంగి, మర్యాదగా అతడి చొక్కా కాలరు పట్టుకున్నాడు.

"నిందితుణ్ణి నేనే పట్టుకున్నానని రాయండి ఎస్సైగారూ," అన్నాడు.

"రాయి నాయనా," అన్నది శకుంతలమ్మ. "బెజవాడ దాకా వట్టిచేతులతో పంపడం మన ఊరికి మర్యాద కాదు."

జనార్దనం చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. కాలువ పనికి వచ్చిన సిమెంటు బస్తాలు బయట అమ్ముకున్నాడు. లెక్కలు చూడడానికి కడప నుంచి అధికారులు వస్తున్నారు. లోటు పూడ్చడానికి అక్క నగలు కంటికి కనిపించాయి. శివరాత్రినాటికే పెట్టెను బొరియలోకి లాగి బండ పరిచి, అధికారులు వచ్చే ముందు తీసి అమ్ముదామనుకుంటే, అంతలో బావ మూత తీశాడు. ఇల్లంతా సోదా జరుగుతుండగా పెట్టెను బయటికి తీయలేక, బదిలీ పేరుతో ఇప్పటికి తప్పుకుని, గొడవ అణిగాక వచ్చి తీసుకుపోదామనుకున్నాడు. కామాక్షమ్మ అంతా విని, ఏడవకుండా అతడి ముందుకు వచ్చి నిలబడింది.

"దుడ్లు కావాలంటే అడిగింటే ఇయ్యనా రా? ఆ సాయిబును జైలుకు పంపి, రేపు నా చేతి అన్నం ఎట్లా తింటావు నువ్వు?"

జనార్దనం తల వంచుకున్నాడు. శకుంతలమ్మ ఎన్నో నేరాలు చూసింది. నేరస్థుడు తల వంచేది సాక్ష్యానికి కాదనీ, ఇటువంటి ప్రశ్నకేననీ ఆమెకు తెలుసు.

*

ఎస్సై నడవలో చాప వేయించి పంచనామా మొదలుపెట్టాడు. శెట్టి ఫిర్యాదులో రాసిచ్చిన నగలను ఒక్కొక్కటిగా పెట్టెలోంచి తీసి సరిచూశాడు. వడ్డాణం, కాసులపేరు, కామాక్షమ్మ గాజులు, మఠానికి మొక్కిన వెండి పళ్ళెం, అన్నీ సరిపోయాయి. పెట్టె అడుగున ఎర్రగుడ్డ మూట ఒకటి మిగిలింది. విప్పి చూస్తే లోపల జత బంగారు కమ్మలు తళుక్కుమన్నాయి.

"ఇవి ఫిర్యాదులో లేవే శెట్టిగారూ?"

జయరామయ్య కమ్మల మీది నుంచి చూపు తిప్పుకున్నాడు.

"మరచిపోయి ఉంటారండీ," అన్నాడు పార్థసారథి సహాయంగా. "వాటిని కూడా కలిపి రాసేయండి."

"రాయొద్దప్పా," అన్నాడు జయరామయ్య. "నేను మర్చిపోలా. పోయినవేంటివో రాయమంటే, కలం వీటి దగ్గరికి వచ్చి ఆగిపోయినాది. నావి గానివి నావని ఎట్లా రాసేది?"

శకుంతలమ్మ అతడు చెప్పేదాకా ఆగింది. కొన్ని మాటలు అడిగి రాబట్టకూడదు. వాటంతట అవి రావాలి.

"మా నాయన మంచాన పడకముందే చేయించినాడు. మేస్త్రి పెళ్ళికి ఇయ్యి రా అని నా చేతికిచ్చినాడు. ఆయన పోయిన నెల ఖర్చులు, అంగడి అప్పులు, ఈ నెల గాదు వచ్చే నెల అనుకున్యా. తర్వాత ఇయ్యాలంటే ఇన్నాళ్ళు ఏంటికి ఇయ్యలేదని అడుగుతారు గదా అని సిగ్గయింది. సిగ్గుతో, సంతకం నాది గాదని ఒక అబద్ధం ఆడినా. ఒక అబద్ధం ఆడినాక ఇంగ తీసేది ఎట్లా? ఇంట్లో పాతర కట్టించుకుని దాంట్లో దాచినా. ఆ పాతర గూడా ఆయన చేతనే కట్టించుకున్యా."

అతడు లేచి వెళ్ళి అంగడి గదిలోంచి త్రాసు తెచ్చాడు. నడవలో అందరి ముందు కమ్మలు ఒక పక్క, తులం రాయి ఒక పక్క పెట్టాడు. కమ్మల పక్క ఒకింత కిందికి వాలింది. మూటను తిరిగి చేతుల్లోకి తీసుకుని, సైదున్నీసా ముందు వంగి రెండు చేతులా చాపాడు.

"పన్నెండేళ్ళ వడ్డీ గూడా ఇస్తానమ్మా. ఎంతని చెప్పు."

సైదున్నీసా కమ్మలను తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. చెవులనున్న సన్నని వెండి పోగులు తీసి కొంగున ముడివేసుకుంది.

"వడ్డీ వద్దులే శెట్టిగారూ. ఇయ్యొద్దని గాదు, కాగితంలో లేదు."

ఎస్సై గట్టిగా నవ్వాడు. కామాక్షమ్మ కళ్ళు తుడుచుకుంటూనే లోపలికి వెళ్ళి అద్దం తెచ్చి పట్టుకుంది. సైదున్నీసా ఒక చెవికి పెట్టుకుని, రెండో చెవి చిల్లు పూడిపోతున్నదని విసుక్కుంటే కామాక్షమ్మే చేయి చేసుకుని ఎక్కించింది. ఫకీర్ సాహెబ్ పక్కగదిలో బొరియ పూడ్చి బండను మళ్ళీ వాలుకు కూర్చోబెడుతూ, గడపలోంచి తల బయటపెట్టి చూసి, పెళ్ళినాటి కుర్రవాడిలా సిగ్గుపడి తల లోపలికి లాక్కున్నాడు.

మూడు గంటల బస్సు హారను వీధి చివర వినిపించింది. ఎస్సై జనార్దనాన్ని లేపాడు. శకుంతలమ్మ గొడుగు అందుకుని, గడప దగ్గర ఆగి, సైదున్నీసాను కఠినంగా చూసింది.

"సరిగ్గా చెప్పు. పాత బాకీ చెల్లిందా?"

"చెల్లిందమ్మా," అన్నది సైదున్నీసా. "దమ్మిడీ బాకీ లేకుండా చెల్లింది."